డేటా చట్టం మారుతోంది.. ఖమ్మం, భద్రాచలం వ్యాపారులు ఇప్పుడే సర్దుకోవాల్సినవి ఇవే

లాడ్జిలో రూమ్ కావాలంటే ఆధార్ జిరాక్స్. సిమ్ కావాలంటే వేలిముద్ర. మందుల షాపులో బిల్లు కావాలంటే ఫోన్ నంబర్. ఆన్‌లైన్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టాలంటే ఆధార్, పాన్, బ్యాంక్ పాస్‌బుక్ అన్నీ వాట్సాప్‌లో పంపాలి. ఖమ్మం వైరా రోడ్డు నుంచి చర్ల సంత వరకు ఇది రోజూ జరిగేదే. అడిగేవాళ్లూ ఆలోచించరు, ఇచ్చేవాళ్లూ ఆలోచించరు.

ఇకపై ఆలోచించక తప్పదు. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, అంటే డీపీడీపీ యాక్ట్, దశలవారీగా అమల్లోకి వస్తోంది. ఇది పెద్ద కంపెనీల గొడవ, మనకెందుకు అని చాలామంది చిన్న వ్యాపారులు అనుకుంటున్నారు. అది నిజం కాదు. పది గదుల లాడ్జికీ, ఇద్దరు పనిచేసే ఆన్‌లైన్ సెంటర్‌కీ ఈ చట్టం వర్తిస్తుంది. అయితే భయపడాల్సిన పని కూడా లేదు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనడం కంటే, అక్కర్లేని వివరాలు అడగడం మానేయడమే ఇందులో సగం పని. అదెలాగో చూద్దాం.

ఈ చట్టం ఎక్కడి నుంచి వచ్చింది?

మన దగ్గర చాలాకాలం డేటాకి ప్రత్యేక చట్టం లేదు. 2000 నాటి ఐటీ చట్టంలోని సెక్షన్ 43ఏ, దాని కింద 2011లో వచ్చిన రూల్స్.. అంతే. 2017 ఆగస్టు 24న జస్టిస్ పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చి చెప్పింది. 2018 సెప్టెంబర్ 26న ఆధార్ కేసులో తీర్పిస్తూ, ప్రైవేటు సంస్థలు ఆధార్ అడిగేందుకు వీలిచ్చిన నిబంధనను కొట్టేసింది. ఆ తర్వాత సిమ్‌లు, బ్యాంకు ఖాతాల విషయంలో 2019లో చట్టం మళ్లీ మారింది.

జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. 2019లో పార్లమెంటుకు వచ్చిన బిల్లును కేంద్రం 2022 ఆగస్టులో వెనక్కి తీసుకుంది. కొత్త బిల్లు 2023లో పాసై, ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందింది. రూల్స్ రావడానికి మరో రెండేళ్లు పట్టింది. 2025 జనవరి 3న ముసాయిదా, అదే ఏడాది నవంబర్‌లో తుది రూల్స్ వచ్చాయి.

అంటే పాతికేళ్లలో వ్యాపారి ముందున్న నిబంధనలు చాలాసార్లు మారాయి. ప్రతిసారీ కొత్త ఫారం ప్రింట్ చేయించుకుని ఊరుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ ఇబ్బంది పడ్డారు. అవసరమైనంతే తీసుకోవడం, పనయ్యాక తీసేయడం అలవాటు చేసుకున్నవాళ్లకి ప్రతి మార్పూ కొంచెం తేలికైంది.

ఎప్పటి నుంచి అమలు?

ప్రస్తుత నోటిఫికేషన్ ప్రకారం మూడు దశలున్నాయి.

- 2025 నవంబర్: డేటా ప్రొటెక్షన్ బోర్డు ఏర్పాటుకు సంబంధించిన సెక్షన్లు అమల్లోకి వచ్చాయి.
- 2026 నవంబర్: కన్సెంట్ మేనేజర్లు, అంటే జనం తరఫున సమ్మతులను ఒకేచోట చూసిపెట్టే సంస్థల రిజిస్ట్రేషన్.
- 2027 మే: సమ్మతి, భద్రత, డిలీట్ చేయడం, జరిమానాలు.. వ్యాపారులకు అసలు పని చెప్పేవన్నీ ఇక్కడి నుంచే.

అప్పటిదాకా పాత సెక్షన్ 43ఏ, 2011 రూల్స్ అమల్లోనే ఉంటాయి. కాబట్టి ఈ మధ్య కాలంలో అసలు చట్టమే లేదనుకోవద్దు.

కాగితం రిజిస్టర్ సంగతేంటి?

ఈ చట్టం డిజిటల్ డేటాకి మాత్రమే. పుస్తకంలో పెన్నుతో రాసుకుని బీరువాలో పెట్టుకుంటే ఇది వర్తించదు. కానీ అదే పేజీని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారనుకోండి, ఆ క్షణం నుంచి అది డిజిటల్ డేటానే. మన దగ్గర చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. "మాకు కంప్యూటరే లేదు" అంటారు. ఫోన్ గ్యాలరీలో మాత్రం వందల ఆధార్ ఫొటోలుంటాయి.

సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే వివరాలకు ఈ చట్టం వర్తించదు. మీ ఫోన్‌లో బంధువుల నంబర్లకు ఎవరి సమ్మతీ అక్కర్లేదు. అదే నంబర్లకు షాపు ఆఫర్లు పంపితే లెక్క మారిపోతుంది.

జరిమానా ఎంత?

వివరాల భద్రతకు తగిన జాగ్రత్త తీసుకోకపోతే గరిష్ఠంగా 250 కోట్ల రూపాయలు. డేటా లీకైన విషయం బోర్డుకీ, బాధితులకీ చెప్పకపోతే 200 కోట్ల వరకు. పిల్లల డేటా నిబంధనలు తప్పితే 200 కోట్ల వరకు. మిగతా చాలా తప్పులకు 50 కోట్ల వరకు.

ఈ అంకెలు చూసి చిన్న వ్యాపారి కంగారు పడక్కర్లేదు. ఇవి గరిష్ఠ పరిమితులు. తప్పు ఎంత పెద్దది, ఎన్నాళ్లు సాగింది, మళ్లీ మళ్లీ చేశారా, నష్టం తగ్గించడానికి ఏం చేశారు, జరిమానా ఆ సంస్థపై ఎంత భారం వేస్తుంది.. ఇవన్నీ బోర్డు చూడాలని సెక్షన్ 33 చెబుతోంది. అంటే జాగ్రత్తలు తీసుకున్నట్టు మీ దగ్గర రుజువుంటే అది మీకు పనికొస్తుంది.

ఇందులో జనం తెలుసుకోవాల్సిన విషయం ఇంకోటుంది. జరిమానా సొమ్ము కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి వెళ్తుంది, బాధితుడికి రాదు. నష్టపరిహారం అడగడానికి వీలిచ్చిన పాత సెక్షన్ 43ఏ కూడా 2027 మేలో తొలగిపోతుంది. దుమ్ముగూడెంలో ఒకరి ఆధార్ కాపీ దొంగల చేతికెళ్లి ఖాతా ఖాళీ అయితే, కాపీ పోగొట్టిన షాపుకి ఎంత జరిమానా పడినా అందులోంచి ఆ కుటుంబానికి రూపాయి రాదు. అందుకే లీకయ్యాక చూసుకుందాం అనే మాట ఇక్కడ కుదరదు.

ఇది ఊరికే భయం కాదు

2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఓ సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు పట్టుకున్నారు. భూముల రిజిస్ట్రేషన్ పత్రాల్లోని వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి, వేరేవాళ్ల పేరిట వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడన్నది అభియోగం. 2023 ఏప్రిల్‌లో సైబరాబాద్ పోలీసులు మరో కేసు బయటపెట్టారు. అందులో నిందితుడి దగ్గర దొరికినట్టు చెప్పిన డేటా 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థలది. ఇలాంటి జాబితాలు ఆకాశం నుంచి ఊడిపడవు. ఎక్కడో ఒక కౌంటర్‌లో, ఒక ఫారంలో, ఒక ఫోన్‌లో మొదలవుతాయి.

ఎవరు ఏం మార్చుకోవాలి?

లాడ్జీలు, బోట్లు: శ్రీరామనవమి, ముక్కోటి ఏకాదశికి భద్రాచలం గదులన్నీ నిండిపోతాయి. పోలీసులకు చట్టప్రకారం చూపించాల్సిన వివరాలకు వేరేగా సమ్మతి అక్కర్లేదు. గుర్తింపు కార్డు చూసి వివరాలు రాసుకోవచ్చు. ఆధార్ ఇస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగొచ్చు. రిసెప్షన్ కుర్రాడి సొంత ఫోన్‌లో ఫొటోలు తీయించడం మాత్రం ఆపాలి. అతను పని మానేసి వెళ్లిపోతే ఆ ఫొటోలూ అతనితోనే వెళ్లిపోతాయి.

పాపికొండల బోట్ల సంగతి కొంచెం వేరు. ఎక్కినవాళ్ల జాబితా ఎంత ముఖ్యమో 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు ప్రమాదం చూపించింది. పేరు, ఊరు, ఇంటివాళ్ల నంబర్ తీసుకోవాల్సిందే. ప్రయాణం క్షేమంగా ముగిశాక అవే నంబర్లకు వచ్చే సీజన్ ప్యాకేజీల మెసేజ్‌లు పంపడం మాత్రం వేరే పని. దానికి వేరే సమ్మతి కావాలి.

ఆస్పత్రులు, ల్యాబ్‌లు, మందుల షాపులు: చర్ల, వెంకటాపురం వైపు నుంచే కాదు, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా భద్రాచలం, ఖమ్మం ఆస్పత్రులకు రోగులు వస్తారు. ప్రాణాపాయం ఉన్నప్పుడు సమ్మతి కోసం ఆగక్కర్లేదు, చట్టమే మినహాయింపు ఇచ్చింది. కానీ స్కాన్ రిపోర్టును నలభై మంది ఉన్న స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఆ మినహాయింపులోకి రాదు. మందుల షాపు విషయంలో చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. బిల్లు రసీదు మెసేజ్‌గా పంపమని కస్టమర్ నంబర్ ఇస్తే, ఆ రసీదు పంపడానికి ఆ నంబర్ వాడొచ్చు.

కాలేజీలు, కోచింగ్ సెంటర్లు: పదో తరగతి పరీక్షలు అయ్యాయో లేదో తల్లిదండ్రుల ఫోన్లు మోగడం మొదలవుతుంది. నంబర్లు ఎక్కడివి అంటే జవాబుండదు. కొత్త చట్టంలో 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే. అంటే ఇంటర్ విద్యార్థుల్లో దాదాపు అందరూ. వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతిని సరిచూసుకుని తీసుకోవాలి. పిల్లలను గురిచూసి ప్రకటనలు ఇవ్వకూడదు. చదువు చెప్పడానికి, పిల్లల భద్రతకి అవసరమైనంత వరకు విద్యాసంస్థలకు సడలింపు ఉంది. అడ్మిషన్ల కోసం జాబితాలు కొనుక్కోవడానికి ఆ సడలింపు పనికిరాదు.

ఎరువుల షాపులు, ఆన్‌లైన్ సెంటర్లు: సబ్సిడీ ఎరువుకి ఈ-పాస్ మెషిన్‌లో రైతు వేలిముద్ర పడుతుంది. అది ప్రభుత్వ వ్యవస్థలోకి వెళ్తుంది. డీలర్ తన సౌకర్యం కోసం దాచుకునే ఆధార్ ఫొటోకి మాత్రం డీలరే బాధ్యుడు. ఆన్‌లైన్ సెంటర్లదీ ఇదే పరిస్థితి. దరఖాస్తు అప్‌లోడ్ అయ్యాక డెస్క్‌టాప్ మీద, పెన్‌డ్రైవ్‌లో, వాట్సాప్ వెబ్‌లో మిగిలిపోయే కాపీలే అసలు ప్రమాదం.

ఫైనాన్స్ సంస్థలు: లోన్ యాప్‌లు ఫోన్ కాంటాక్టులు, కాల్ లిస్టు, గ్యాలరీ చూడకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబర్‌లోనే చెప్పింది. కొత్త చట్టంతో ఇంకో బాధ్యత తోడైంది. ఏజెంట్ ద్వారా వివరాలు సేకరించినా, బయటి కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో దాచినా, జవాబుదారీ అసలు సంస్థదే. "అది ఏజెంట్ తప్పు" అంటే కుదరదు.

ఐటీ హబ్ కంపెనీలు: ఖమ్మంలో 2020 డిసెంబర్‌లో ఐటీ హబ్ ప్రారంభమైంది. విదేశీ క్లయింట్లతో ఒప్పందం మీద విదేశీయుల డేటా మాత్రమే చూసే కంపెనీలకు మన చట్టంలో చాలా మినహాయింపులున్నాయి. భద్రత బాధ్యత మాత్రం తప్పదు. యూరప్ క్లయింట్లుంటే 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ షరతులు ఒప్పందంలోనే వస్తాయి. సొంత ఉద్యోగుల వివరాలకు మన చట్టమే వర్తిస్తుంది.

భాష దగ్గర అసలు చిక్కు

సమ్మతి స్వేచ్ఛగా, అర్థం చేసుకుని, ఫలానా పనికే ఇచ్చినదై ఉండాలి. నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. తెలుగు అందులో ఉంది. కాబట్టి ఖమ్మం షాపులో ఇంగ్లిష్ ఫారం ఒక్కటే పెట్టి సంతకం చేయించుకుంటే సరిపోదు.

మరి కోయ? ఎనిమిదో షెడ్యూల్‌లో సంతాలీ, బోడో ఉన్నాయి. కోయ లేదు, గోండీ లేదు. భద్రాచలం ఏజెన్సీలో ఇంట్లో కోయ మాట్లాడే మహిళ తెలుగు కాగితం మీద వేలిముద్ర వేస్తే రూల్ ప్రకారం నోటీసు ఇచ్చినట్టే అనిపించొచ్చు. ఆమెకి అర్థమైందా అన్నది వేరే ప్రశ్న. అర్థం కాని సమ్మతి రేపు వివాదంలో నిలబడటం కష్టం. ఎందుకంటే నోటీసు ఇచ్చామనీ, సమ్మతి సరిగ్గా తీసుకున్నామనీ నిరూపించాల్సింది వ్యాపారే, కస్టమర్ కాదు.

దీనికి దారి కష్టమేం కాదు. కోయ వచ్చిన సిబ్బందితో నాలుగు మాటలు నోటితో చెప్పించాలి. ఏం తీసుకుంటున్నాం, ఎందుకు, ఎన్నాళ్లు ఉంచుతాం, వద్దనుకుంటే ఎవరికి చెప్పాలి. చెప్పిన తేదీ, చెప్పిన మనిషి పేరు రాసుకోవాలి. నోటితో వివరించకూడదని చట్టంలో ఎక్కడా లేదు. ఇంకో జాగ్రత్త.. ఏజెన్సీలో చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కటే. ఒకరి ఆరోగ్యం గురించో, అప్పు గురించో పంపిన మెసేజ్ ఇంట్లో అందరూ చదువుతారు. నంబర్ ఎవరిదో ముందే అడగడం మంచిది.

వరదొచ్చి కంప్యూటర్ మునిగితే?

డేటా ఉల్లంఘన అంటే హ్యాకింగ్ ఒక్కటే కాదు. ప్రమాదవశాత్తూ డేటా నాశనమైనా, అందకుండా పోయినా చట్టం నిర్వచనంలోకి వస్తుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచెత్తింది. రోగుల రికార్డులన్నీ కింద అంతస్తులోని ఒకే కంప్యూటర్‌లో పెట్టుకున్న ల్యాబ్‌కి ఇలాంటి రోజు ఒక్కటి చాలు. అందుకే రూల్స్‌లో బ్యాకప్ తప్పనిసరి జాగ్రత్తల్లో ఒకటి. మరో చోట ఒక కాపీ, దానికి పాస్‌వర్డ్ ఉండాలి.

ఏదైనా జరిగితే బాధితులకి, బోర్డుకి ఆలస్యం లేకుండా చెప్పాలి. తెలిసిన 72 గంటల్లోగా బోర్డుకు పూర్తి వివరాలు ఇవ్వాలి. ఇది కాక, సైబర్ ఘటనలను 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి తెలపాలన్న 2022 ఆదేశం కూడా ఉంది. సిగ్నల్ పోయే చోట ఉన్నవాళ్లు ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే కాగితం మీద రాసి గోడకి అంటించుకోవడం మేలు.

ఇప్పుడే చేయాల్సిన ఏడు పనులు

1. కస్టమర్ల వివరాలు ఎక్కడెక్కడున్నాయో రాసుకోండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఎక్సెల్, మెయిల్, సీసీ కెమెరా, సిబ్బంది ఫోన్లు.. అన్నీ.
2. ప్రతిదాని పక్కన "ఇది ఎందుకు?" అని రాయండి. జవాబు లేకపోతే అడగడం మానేయండి.
3. తెలుగులో ఒక పేజీ నోటీసు, కౌంటర్ దగ్గర ఒక బోర్డు పెట్టండి. ఫిర్యాదుకి ఒక పేరు, ఒక నంబర్ ఉండాలి.
4. పాత కస్టమర్లకు కూడా చట్టం అమలయ్యాక వీలైనంత త్వరగా నోటీసు పంపాలి. వాళ్లు వద్దనే వరకు డేటా వాడుకోవచ్చు.
5. అందరికీ ఒకే పాస్‌వర్డ్ వద్దు. ఎవరు ఏం చూశారో తెలిసే లాగ్‌లు కనీసం ఏడాది ఉంచాలి.
6. సాఫ్ట్‌వేర్, ఎస్ఎంఎస్, క్లౌడ్ కంపెనీలతో రాతపూర్వక ఒప్పందం చేసుకోండి.
7. డిలీట్ చేయడానికి నెలకో రోజు పెట్టుకోండి. ట్యాక్స్ లాంటి చట్టాల కోసం ఉంచాల్సినవి, రూల్స్ ప్రకారం ఏడాది ఉంచాల్సినవి విడిగా పెట్టి, మిగతావి తీసేయండి.

కొన్ని రకాల సంస్థలకు, స్టార్టప్‌లకు కొన్ని నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉంది. కానీ భద్రత బాధ్యత ఆ మినహాయింపుల జాబితాలో లేదు. మినహాయింపు వస్తుందేమో అని ఎదురుచూస్తూ కూర్చోవడం వల్ల లాభం తక్కువే.

మరి జనం ఏం అడగొచ్చు?

నా వివరాలు మీ దగ్గర ఏమున్నాయి అని అడగొచ్చు. తప్పుంటే సరిచేయమనొచ్చు. సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. ఇచ్చినంత తేలిగ్గానే వెనక్కి తీసుకునే వీలుండాలి. ఫిర్యాదుకి 90 రోజుల్లోగా జవాబు రావాలి. రాకపోతే బోర్డుకి వెళ్లొచ్చు. ఈ హక్కులన్నీ కూడా 2027 మే నుంచే. డబ్బు పోయిందంటే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబర్ ఇప్పుడే పనిచేస్తోంది.

కేంద్ర చట్టం కాబట్టి భద్రాచలంలో ఎలాగో, పక్కనే ఆంధ్రప్రదేశ్‌లోని ఎటపాక, చింతూరులోనూ అలాగే. అవతల ఛత్తీస్‌గఢ్‌లోని కుంటలోనూ అంతే. సరిహద్దు మారినా రూల్ మారదు. వివరాలు నమ్మి ఇచ్చేవాళ్లలో చదువు రానివాళ్లు, జరిగిన మోసం గురించి ఎక్కడ చెప్పుకోవాలో తెలియనివాళ్లు ఎక్కువగా ఉండేది మాత్రం ఈ అడవి అంచు ఊళ్లలోనే. అందుకే గ్యాలరీలో పడి ఉన్న పాత ఆధార్ ఫొటోలను తీసేయడానికి 2027 మే దాకా ఆగాల్సిన పని లేదు.